నాలుగు ఫ్రేముల గుద్దు

మా అక్క కొడుకు బన్నీ ఎనిమిదో తరగతి. కరీంనగర్ నుంచి దసరా సెలవులకు నాగోల్‌లోని మా ఇంటికి వచ్చి, నా ఫోన్‌లో ఒక ఫ్రీ ఫైటింగ్ గేమ్ ఎక్కించాడు. వీడియో గేమ్ పార్లర్ల కాలం నాటి పద్ధతే. గళ్లు గళ్లుగా కనిపించే బొమ్మలు, పక్క నుంచి చూస్తున్నట్టుండే బరి, ఎదురెదురుగా ఇద్దరు కరాటే వీరులు, పైన దెబ్బ దెబ్బకీ తరిగిపోయే ప్రాణం గీతలు. ఒక ఫోన్ హాట్‌స్పాట్‌కి ఇంకో ఫోన్ కలిపితే ఇద్దరూ తలపడొచ్చు. మొదటి రోజు పది ఆటలు ఆడాం. పదీ వాడే గెలిచాడు.

"చిన్నపిల్లలు కదా, వాళ్ల వేళ్లు చురుకు" అని అక్క తేల్చేసింది. ఆ మాటని కొలిచి చూడాలనిపించింది నాకు.

కొలవడానికి ముప్పై సెంటీమీటర్ల స్కేలు ఒకటి చాలు. ఒకరు స్కేలుని పైనుంచి నిలువుగా వేలాడదీయాలి. రెండోవాళ్లు సున్నా గీత దగ్గర బొటనవేలు, చూపుడువేలు కాస్త ఎడంగా పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. చెప్పకుండా వదిలేసిన స్కేలుని ఎక్కడ పట్టుకున్నారో చూడాలి. కింద పడే వస్తువు ఎంత సమయంలో ఎంత దూరం పడుతుందో భూమ్యాకర్షణ లెక్క చెబుతుంది కాబట్టి, ఆ దూరమే మన గడియారం. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సుమారు 0.175 సెకను, 20 దగ్గర 0.2, 25 దగ్గర 0.226. పదేసి సార్లు చేసి సగటు తీస్తే బన్నీది 18 సెంటీమీటర్లు, నాది 22. అంటే వాడికి 0.19 సెకను, నాకు 0.21. తేడా 20 మిల్లీసెకన్లు.

ఇలాంటి గేము సెకనుకి 60 బొమ్మలు గీస్తుంది. ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటారు. ఒక ఫ్రేమ్ వయసు 16.7 మిల్లీసెకన్లు. అంటే వాడు నాకంటే ముందున్నది ఒక్క ఫ్రేమ్, దాని మీద మరికాస్త. పదికి పది ఓడిపోవడానికి ఆ కాస్త తేడా సరిపోదు. అసలు కారణం ఇంకెక్కడో ఉంది.

స్క్రీన్ రికార్డింగ్ పెట్టి మా ఆటని ఒక్కో ఫ్రేమే కదుపుతూ చూశాను. ఫైటింగ్ గేముల్లో ప్రతి దెబ్బకీ మూడు భాగాలుంటాయి. చెయ్యి లేచి ముందుకు వచ్చే భాగం మొదటిది. ఎదుటివాడికి నిజంగా తగిలే కొద్ది ఫ్రేములు రెండోది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ నిలబడే భాగం మూడోది, ఆ కాసేపు కొట్టినవాడు ఏమీ చేయలేడు. మా గేములో చిన్న గుద్దు నాలుగో ఫ్రేముకే తగులుతుంది. అంటే 67 మిల్లీసెకన్లు. నా స్పందనకు 210 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే దాదాపు 13 ఫ్రేములు. గుద్దు కనిపించిందని నా మెదడుకి తెలిసి, వేలు కదిలేలోపు ఆ గుద్దు తగలడం, చెయ్యి వెనక్కి వెళ్లడం కూడా అయిపోతాయి. బన్నీకైనా అంతే. ప్రపంచ చాంపియన్‌కైనా అంతే. చిన్న గుద్దుని చూసి ఆపగలిగిన మనిషి లేడు.

ఆ పావు సెకను లోపల ఒంట్లో జరిగే పని తక్కువేమీ కాదు. కంటి రెటీనాలో వెలుగు ఒక రసాయన చర్యగా మారాలి, దానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది. అక్కణ్ణుంచి సంకేతం తల వెనక భాగంలో ఉన్న దృష్టి కేంద్రానికి చేరాలి. చూసింది గుద్దా, తన్నా, ఎగరడమా అని తేలాలి. ఆపైన ఆజ్ఞ వెన్నుపాము మీదుగా బొటనవేలి కండరానికి దిగాలి, ఆ ఆఖరి ప్రయాణం సుమారు 20 మిల్లీసెకన్లు. నరాల్లో సంకేతం కొలవలేనంత వేగంగా పోతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలే నమ్మేవారు. 1850లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరం మీద కొలిచి, అది సెకనుకి సుమారు 27 మీటర్లేనని చూపించాడు. మనుషుల చేతి నరాల్లో ఇంతకు రెట్టింపు వేగం ఉంటుంది. అయినా బాగా వేగంగా పోయే రైళ్లతో పోల్చదగిన వేగమే తప్ప, కరెంటు తీగల వేగం కాదు.

పైగా స్కేలు పరీక్షలో ఎదురు చూడాల్సింది ఒక్కదాని కోసమే. గేములో అలా కాదు. 1952లో హిక్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త చూపించింది ఇదే: రాగల సంకేతాలు పెరిగే కొద్దీ మన స్పందన నెమ్మదిస్తుంది. గుద్దు, కింది తన్ను, పట్టుకుని విసరడం, ఎగిరి రావడం అన్నిటికీ ఒకేసారి సిద్ధంగా ఉందామనుకుంటే దేనికీ సమయం చాలదు. నేను చేస్తున్నది అదే.

బన్నీ ఏం చేస్తున్నాడో వాడినే అడిగాను. ఫోన్ మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"మామా, నువ్వు రెండడుగులు ఎనక్కి పోయినవంటే ఎగురుతవ్ గదా. ప్రతిసారీ గంతే."

రికార్డింగ్ మళ్లీ చూస్తే నిజమే, దాదాపు ప్రతిసారీ అంతే. వాడు నా దెబ్బని చూడటం లేదు, నా అడుగుల్ని చూస్తున్నాడు. గాల్లోకి ఎగిరిన బొమ్మ కిందికి దిగడానికి సుమారు 40 ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. ఎగురుతానని ముందే తెలిసినవాడికి అది బోలెడంత సమయం. నాలుగు ప్రశ్నల పరీక్షని వాడు ఒక్క ప్రశ్నకి తగ్గించేసుకున్నాడు. నెమ్మదిగా వచ్చే దెబ్బల్ని చూసి ఆపొచ్చు, వేగంగా వచ్చేవాటిని దూరం చూసి ఊహించాలి. మంచి ఫైటింగ్ గేము తయారుచేసేవాళ్లు మనిషి నరాల పరిమితికి అటు కొన్ని, ఇటు కొన్ని దెబ్బలు పేర్చుతారు. నాకు ఆ కళ ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

మా మెట్రో లైన్లో నాగోల్, ఉప్పల్ దాటగానే స్టేడియం స్టేషన్ వస్తుంది. అక్కడ బ్యాట్ పట్టుకునేవాళ్లదీ ఇదే కథ. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్‌ని చేరడానికి సుమారు అర సెకను. చివరిదాకా బంతినే చూస్తూ ఆడటం కుదరదు. 2000లో లాండ్, మెక్‌లియోడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాట్స్‌మన్ల కంటి కదలికలు కొలిచారు. బంతి చేయి వదిలిన కొద్దిసేపటికే వాళ్ల చూపు బంతిని వదిలి, అది పిచ్ అయ్యే చోటికి ముందుగానే దూకుతోంది. ఆట బాగా వచ్చినవాళ్లలో అలా దూకడం ఇంకా ముందే మొదలైంది. చెడుగుడులో కూతకి వచ్చినవాడి నడుముని గమనించేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఫోన్ సంగతి. అద్దం కింద కంటికి కనిపించని సన్నటి విద్యుత్ వాహకాల వల ఒకటి ఉంటుంది. ఉప్పూ నీరూ నిండిన మన వేలు కూడా కరెంటుకి వాహకమే కాబట్టి, అది దగ్గరికి రాగానే ఆ చోట కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణం, మారుతుంది. ఈ తరహా టచ్ స్క్రీన్‌ని 1965లోనే ఇంగ్లండ్‌లో జాన్సన్ అనే ఇంజినీరు విమానాల రాకపోకల నియంత్రణ కోసం వివరించాడు. ఫోన్‌లోని చిప్ ఆ వలని సెకనుకి 60 నుంచి 240 సార్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ సార్లు తడిమి చూస్తుంది. తరవాత ఆ సమాచారం ఆపరేటింగ్ సిస్టమ్‌కి, గేముకి, మళ్లీ తెరకి చేరాలి. వేలు తాకడానికీ బొమ్మ కదలడానికీ మధ్య చాలా ఫోన్లలో 50 నుంచి 100 మిల్లీసెకన్లు పోతాయి. పాత పార్లర్ యంత్రంలో నొక్కిన బటన్ నేరుగా సర్క్యూట్‌కి, గీసిన బొమ్మ నేరుగా పిక్చర్ ట్యూబ్‌కి చేరేవి. అందుకే పాత యంత్రానికి ఎన్నో రెట్లు శక్తి ఉన్న ఫోన్‌లో అదే తరహా ఆట ఆలస్యంగా పలుకుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే శబ్దం ఇంకా వెనకబడుతుంది. మామూలుగా మనిషి వెలుగుకన్నా శబ్దానికి 30, 40 మిల్లీసెకన్లు ముందు స్పందిస్తాడు. చెవిలో జరిగేది రసాయన చర్య కాదు, సన్నటి రోమాలు వంగడం. ఆ లాభాన్ని ఇయర్‌ఫోన్లు మింగేస్తాయి. ఈ ఆటకి ఫోన్ స్పీకరే మేలు.

అద్దానికి అంచులు లేకపోవడం ఇంకో లోటు. బటన్ అయితే వేలికి దాని గట్టు తెలుస్తుంది. తెర మీద బొటనవేలు తెలియకుండానే జారి పక్కకి పోతుంది. ఎండాకాలం చెమట చుక్కలు పడితే తెర వాటినీ వేళ్లే అనుకుంటుంది. ఎంత గట్టిగా నొక్కినా మామూలు తెరకి తేడా తెలియదు. 1984 నాటి కరాటే చాంప్ అనే పార్లర్ గేములో దెబ్బలకి అసలు బటన్లే లేవు, ఒక్కొక్కరికి రెండేసి జాయ్‌స్టిక్‌లు. 1987లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్ యంత్రం ఒక రకంలో రెండు పెద్ద మెత్తలుండేవి, ఎంత బలంగా గుద్దితే అంత బలమైన దెబ్బ. అది నిలవలేదు, ఆరు బటన్ల పద్ధతి నిలిచింది. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ టూ తయారవుతున్నప్పుడు, కారుని పగలగొట్టే బోనస్ ఆటని పరీక్షిస్తున్న నిర్మాత ఫునామిజు ఒక దెబ్బ తగిలిన వెంటనే ఇంకో దెబ్బ ఇరికించడం కుదురుతోందని గమనించాడు. ఆ టైమింగ్ అందుకోవడం కష్టమనుకుని అలాగే వదిలేశారు. ఇవాళ దాదాపు ప్రతి ఫైటింగ్ గేములో కనిపించే కాంబో అక్కణ్ణుంచే పాకింది. ఆ గేము ఇంట్లో ఆడుకునే సూపర్ నింటెండో క్యాసెట్‌లో 2 మెగాబైట్లలో ఇమిడిపోయింది. ఇప్పటి ఫోన్‌లో తీసిన ఒక ఫొటో తరచూ అంతకన్నా పెద్దది.

సెలవులయ్యాక బన్నీ కరీంనగర్ వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆడుతున్నాం. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి కరీంనగర్ దూరం లెక్కలోకి రాదు. కానీ గేము సర్వర్ సింగపూర్‌లో ఉంటే, ఇక్కణ్ణుంచి 3,300 కిలోమీటర్లు. పోయి రావడానికే 33 మిల్లీసెకన్లు, రెండు ఫ్రేములు. మధ్యలో టవర్లూ రౌటర్లూ కలిపితే ఇంకా ఎక్కువ. దీనికి టోనీ కానన్ అనే ప్రోగ్రామర్ 2000ల్లో చక్కటి దారి చూపించాడు. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు. అవతలివాడు ఏం నొక్కాడో కబురు అందేదాకా ఫోన్ ఆగదు. ఇంతకుముందు ఏం నొక్కాడో ఇప్పుడూ అదే నొక్కి ఉంటాడని ఊహించి ఆటని ముందుకు నడిపిస్తుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, సరైన కబురుతో ఆ కాస్త ఆటని ఒక్క రెప్పపాటులో మళ్లీ ఆడి మనల్ని కలుపుతుంది. సెకనులో పదోవంతు సమయంలో మనుషులు ఎక్కువగా ఒకే బటన్ మీదే ఉంటారు కాబట్టి ఊహ చాలాసార్లు నిజమవుతుంది. దాని గురించి మొదట చదివినప్పుడు నాకు బన్నీయే గుర్తొచ్చాడు.

మొన్న ఆదివారం రాత్రి ఆడాం. ప్రాణం గీతలు ఇద్దరివీ సగానికి వచ్చాయి. రెండడుగులు వెనక్కి వేశాను. వేలు ఎగిరే బటన్ మీదికి దానంతటదే పోబోతే ఆపుకుని నిలబడ్డాను. అవతల బన్నీ బొమ్మ ఎవరూ లేని గాల్లోకి పెద్ద గుద్దు విసిరింది. దాని చెయ్యి వెనక్కి రావడానికి ఇరవై పైచిలుకు ఫ్రేములు పడుతుంది. నాకు కావలసినవి పదమూడు. వంగి కాలితో ఊడ్చేశాను.

వెంటనే ఫోన్ మోగింది.

"మామా, ఎందుకు ఎగరలే?"