యంత్రం ఆగితే శాస్త్రవేత్త ఎటు పోవాలి? ప్లాస్మా ప్రయోగకారుల వృత్తి వెనుక వందేళ్ల కథ

ఇంగ్లండ్‌లోని కల్‌హామ్‌లో ఉన్న జెట్ అనే టోకమాక్ 2023 డిసెంబరులో చివరి షాట్, అంటే చివరి ప్రయోగ విడత, పూర్తి చేసుకుని ఆగిపోయింది. ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన వాయువు ప్లాస్మా. దాన్ని అయస్కాంత క్షేత్రంలో బంధించే వడ ఆకారపు యంత్రం టోకమాక్. అందులో తొలి ప్లాస్మా వెలిగింది 1983 జూన్‌లో. ఈ నలభై ఏళ్లలో అది లక్షకు పైగా షాట్లు తీసింది. విద్యార్థిగా అక్కడ అడుగుపెట్టి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసి పదవీ విరమణ పొందినవారున్నారు. దాని పని అందుకోవాల్సిన ఐటర్ అనే భారీ అంతర్జాతీయ టోకమాక్‌ను ఫ్రాన్స్‌లో ఇంకా కడుతూనే ఉన్నారు. 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళిక ప్రకారం అక్కడ పరిశోధన మొదలయ్యేది 2034లో. హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిపి అసలైన సంలీన ప్రయోగాలు, అంటే తేలిక కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ప్రయోగాలు, చేసేది 2039లో. జెట్ ఆగిన ఏడాది ఇరవై నాలుగేళ్ల వయసులో పీహెచ్‌డీలో చేరిన మనిషికి అప్పటికి నలభై ఏళ్లు వస్తాయి.

ఈ మధ్యకాలంలో పెద్ద యంత్రాలు అసలే లేవని కాదు. జర్మనీ, అమెరికా, చైనా, దక్షిణ కొరియాలలో మంచి టోకమాక్‌లు నడుస్తున్నాయి. జపాన్‌లో జేటీ-60ఎస్‌ఏ 2023 అక్టోబరులో తొలి ప్లాస్మా చూసింది. కానీ ట్రిటియం వాడిన అనుభవం ఉన్న యంత్రం మూతపడింది. ఆ అనుభవం ఉన్న మనుషులు వయసు మీదపడి వెళ్లిపోతున్నారు. ఒక మనిషి వృత్తి జీవితం కన్నా యంత్రం కట్టడానికి పట్టే కాలమే పెద్దదయ్యేదాకా ఈ రంగం ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ప్రయోగాత్మక ప్లాస్మా శాస్త్రవేత్త అంటే ఏం చేసే మనిషో ముందు చెప్పుకోవాలి. సిద్ధాంతం చేసేవారికి కంప్యూటరు ఉంటే ఏ ఊరైనా ఒకటే. ప్రయోగకారుడికి మాత్రం యంత్రం కావాలి. వాక్యూమ్ ఛాంబర్‌లో లీకు ఎక్కడుందో వెతకడం, అయస్కాంత చుట్టలకు కరెంటు సరిగ్గా అందుతోందో చూడడం, మిల్లీసెకన్లలో ముగిసిపోయే సంఘటనను పట్టుకునే పరికరం తయారుచేయడం అతని పని. ఇందులో ఆఖరిదే అతనికి గుర్తింపు తెస్తుంది. ప్లాస్మాలోకి థర్మామీటరు పెట్టలేం, పెడితే అది ఆవిరైపోతుంది. కాబట్టి వెలువడే కాంతిని, పారిపోయే కణాలను, అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న మార్పులను కొలిచి లోపల ఏం జరుగుతోందో తేల్చాలి. ఈ కొలత విద్యలనే డయాగ్నొస్టిక్స్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కో డయాగ్నొస్టిక్‌లో ఆరితేరి, ఆ విద్యను వెంటబెట్టుకుని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళతారు.

ఆరంభంలో ఇదంతా ఒక బల్ల మీద ఇమిడే పని. 1920లలో అమెరికాలోని స్కెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ గాజు గొట్టాల్లో విద్యుత్ ఉత్సర్గాలను పరిశీలించేవాడు. సన్నని తీగను ప్లాస్మాలోకి దూర్చి, వోల్టేజీ మారుస్తూ దానిలోకి వచ్చే కరెంటును కొలిస్తే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత, సాంద్రత తెలుస్తాయని చూపించాడు. లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అన్న పేరుతో అది ఈనాటికీ ప్రతి ప్లాస్మా ల్యాబులోనూ కనిపిస్తుంది. ప్రశ్న వేసుకున్నది, గొట్టం కట్టించింది, కొలిచింది, వ్యాసం రాసింది ఒకే చిన్న బృందం. ఆలోచన పుట్టిన కొద్ది నెలల్లోనే జవాబు చేతికందేది.

1950లలో సంలీన శక్తి మీద ఆశ పెరిగింది, ఆ వెంటే రహస్యం వచ్చింది. 1951లో ప్రిన్స్‌టన్‌లో లైమన్ స్పిట్జర్ స్టెలరేటర్ (ప్లాస్మాను మెలితిరిగిన అయస్కాంత క్షేత్రంలో బంధించే మరో రకం యంత్రం) పనిని మాటర్‌హార్న్ ప్రాజెక్టు పేరుతో మొదలుపెట్టాడు. బ్రిటన్, సోవియట్ యూనియన్ కూడా ఎవరికి వారు తలుపులు వేసుకుని పనిచేశాయి. ఒక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి కష్టపడినా దాన్ని ప్రచురించే వీలు లేదు. పక్క దేశంలో అదే పొరపాటు ఎవరు చేసి దిద్దుకున్నారో తెలిసే దారీ లేదు. 1956లో సోవియట్ అణు కార్యక్రమ సారథి ఇగోర్ కుర్చాటోవ్ బ్రిటన్‌కు వచ్చి అక్కడి అణు పరిశోధన కేంద్రమైన హార్వెల్‌లో సోవియట్ ప్రయోగాల గురించి బాహాటంగా ఉపన్యసించడం అప్పట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. 1958లో జెనీవాలో జరిగిన అణుశక్తి సదస్సు నాటికి అన్ని దేశాలూ తెర తీసేశాయి.

అదే ఏడాది జనవరిలో బ్రిటన్‌కు ఒక చేదు పాఠం ఎదురైంది. హార్వెల్‌లోని జీటా యంత్రం నుంచి న్యూట్రాన్లు వస్తున్నాయని, అవి సంలీనం వల్లనే కావచ్చని ప్రకటించారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ తర్వాత హార్వెల్‌లోనే బాసిల్ రోజ్ బృందం న్యూట్రాన్ల శక్తిని వేర్వేరు దిక్కుల నుంచి జాగ్రత్తగా కొలిచింది. నిజమైన ఉష్ణ సంలీనమైతే అన్ని దిక్కులా ఒకేలా ఉండాలి. ఉండలేదు. ప్లాస్మాలోని అస్థిరతల వల్ల వేగం పుంజుకున్న కొన్ని అయాన్లు ఆ న్యూట్రాన్లను పుట్టించాయని తేలింది. మే నెలలో ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. దీన్ని అవమానంగా చెప్పుకునేవారే ఎక్కువ. నాకు మాత్రం రోజ్ బృందం చేసిన పనే ఈ రంగానికి పునాది రాయిగా కనిపిస్తుంది. ప్రయోగకారుడి విలువ యంత్రం పరిమాణంలో లేదు, కొలత మీద నిలబడగలిగే నిజాయితీలో ఉంది.

పదేళ్ల తర్వాత ఆ విలువే ప్రపంచ సంలీన పరిశోధన దిశను మార్చింది. 1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో లెవ్ ఆర్ట్సిమోవిచ్ బృందం మాస్కోలోని టీ-3 టోకమాక్‌లో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత దాదాపు కోటి డిగ్రీలకు చేరిందని చెప్పింది. పాశ్చాత్య శాస్త్రవేత్తలు నమ్మలేదు. సోవియట్లది పరోక్షమైన కొలత. కొద్దిపాటి వేగవంతమైన ఎలక్ట్రాన్లు లెక్కను తప్పుదారి పట్టించి ఉండొచ్చన్నారు. అప్పుడు ఆర్ట్సిమోవిచ్ చేసిన పని అపూర్వం. కల్‌హామ్ ప్రయోగశాల అధిపతి బాస్ పీజ్‌తో, మీ వాళ్లనే పంపించి కొలిపించుకోండి అన్నాడు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులవి. టీ-3 ఉన్నది కుర్చాటోవ్ సంస్థలో, అంటే సోవియట్ అణు పరిశోధనకు గుండెకాయలాంటి చోట.

కల్‌హామ్ వాళ్లు లేజర్ కొలతలో నిపుణులు. రూబీ లేజర్ కాంతిని ప్లాస్మాలోకి పంపితే ఎలక్ట్రాన్లు అందులో అతి స్వల్ప భాగాన్ని చెదరగొడతాయి. ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా కదులుతుంటే చెదిరిన కాంతి రంగు అంత విస్తరిస్తుంది. ఆ విస్తృతిని కొలిస్తే ఉష్ణోగ్రత నేరుగా చేతికి వస్తుంది. దీన్నే థామ్సన్ స్కాటరింగ్ అంటారు. చెప్పడం తేలికే. ప్లాస్మా తనంతట తాను వెలిగే వెలుగులోంచి ఆ కొద్దిపాటి ఫోటాన్లను ఏరి పట్టుకోవడమే గగనం. నికోల్ పీకాక్, డెరెక్ రాబిన్సన్, మైక్ ఫారెస్ట్, పీటర్ విల్‌కాక్ టన్నుల కొద్దీ పరికరాలతో మాస్కో వెళ్లారు. సోవియట్ సహచరులతో కలిసి కొలిచారు. ఆర్ట్సిమోవిచ్ చెప్పింది నిజమని తేలింది. 1969 నవంబరులో ‘నేచర్’ పత్రికలో ఫలితం వచ్చింది. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే ప్రిన్స్‌టన్ తన మోడల్ సీ స్టెలరేటర్‌ను విప్పి టోకమాక్‌గా మార్చేసింది. ఈ వృత్తి చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇదే. కొత్త యంత్రం కట్టకుండా, వేరేవాళ్ల యంత్రం దగ్గరికి తమ కొలత విద్యను మోసుకెళ్లి నలుగురు మనుషులు ప్రపంచం దిశను మార్చారు. వారిలో జీటా సమాచారంతో వృత్తి మొదలుపెట్టిన రాబిన్సన్ తర్వాతి కాలంలో బ్రిటన్ సంలీన కార్యక్రమానికే సారథి అయ్యాడు.

1973 చమురు సంక్షోభం తర్వాత డబ్బు వెల్లువలా వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో టీఎఫ్‌టీఆర్, కల్‌హామ్‌లో జెట్, జపాన్‌లో జేటీ-60 అనే పెద్ద టోకమాక్‌లు అప్పుడు రూపుదిద్దుకున్నవే. వాటి విజయాలు తక్కువవి కావు. 1997లో జెట్ 16 మెగావాట్ల సంలీన శక్తిని చూపింది. మూతపడే ముందు చివరి ట్రిటియం ప్రయోగాల్లో 69 మెగాజౌళ్లు ఇచ్చింది. కానీ వృత్తి స్వరూపం మారిపోయింది. పెద్ద యంత్రంలో ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య చాలా నిమిషాల విరామం. రోజుకు వచ్చేవి కొన్ని పదుల షాట్లే. ప్రయోగం కావాలంటే ప్రతిపాదన రాయాలి, కమిటీ ఒప్పుకోవాలి, వరసలో నిలబడాలి. అర్ధరోజు అవకాశం దొరికి, అదే రోజు పవర్ సప్లై మొరాయిస్తే మళ్లీ ఎప్పుడో. వ్యాసం మీద వందల పేర్లుంటాయి. అందులో ఒక యువ పరిశోధకురాలి సొంత ఆలోచన ఏదో ఉద్యోగం ఇచ్చే కమిటీకి అంతుబట్టదు.

మధ్యస్థ యంత్రాల కథ వేరు. జర్మనీలోని గార్షింగ్‌లో 1980లో మొదలైన ఆస్‌డెక్స్ అలాంటిదే. ఫ్రిడ్రిష్ వాగ్నర్ అనే శాస్త్రవేత్త అతిశీతల పదార్థాల భౌతికశాస్త్రం వదిలి 1975లో అక్కడి సంస్థలో చేరాడు. 1982 ఫిబ్రవరిలో, వేడి పెంచుతున్న కొద్దీ ప్లాస్మా ఇంకా ఎక్కువగా జారిపోతుందన్న అప్పటి అనుభవానికి విరుద్ధంగా, ఆస్‌డెక్స్‌లో ప్లాస్మా హఠాత్తుగా రెండింతలు మెరుగ్గా నిలిచింది. మొదట చాలామంది సందేహించారు. ఇతర యంత్రాలలో కూడా కనిపించాక ఒప్పుకున్నారు. ఈరోజు ఐటర్ రూపకల్పన ఆ స్థితి మీదే, అంటే హెచ్-మోడ్ మీదే ఆధారపడి ఉంది. ఆ యంత్రాన్ని నిజానికి కట్టింది ప్లాస్మా అంచు నుంచి వేడిని, మలినాలను బయటికి మళ్లించే డైవర్టర్ అనే భాగాన్ని పరీక్షించడానికి. రోజూ యంత్రం ముందు కూర్చుని, సిగ్నల్ వింతగా వంగిన క్షణంలో దాన్ని పట్టుకోగలిగే మనిషి అక్కడ ఉండడం వల్లే ఆ ఆవిష్కరణ సాధ్యమైంది. అదే వాగ్నర్ ఆ తర్వాత గ్రైఫ్స్‌వాల్డ్‌లో వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ అనే పెద్ద స్టెలరేటర్ నిర్మాణ బాధ్యతలు మోశాడు. 2008లో పదవీ విరమణ చేశాడు. ఆ యంత్రంలో తొలి ప్లాస్మా వెలిగింది 2015 డిసెంబరులో.

భారతదేశపు దారి ఇక్కడ చెప్పుకోదగ్గది. 1982లో ప్రిన్స్‌టన్ నుంచి తిరిగొచ్చిన ప్రెధిమాన్ కృష్ణ కావ్ నాయకత్వంలో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో ప్లాస్మా కార్యక్రమం మొదలై, 1986లో ప్లాస్మా పరిశోధన సంస్థగా విడివడింది. కావ్ స్వయంగా సిద్ధాంతకారుడు. అయినా దిగుమతి యంత్రంతో సరిపెట్టకుండా, దేశంలోనే రూపొందించి కట్టాలని పట్టుబట్టిన కార్యక్రమం అది. 1989లో ఆదిత్య టోకమాక్ పనిచేయడం మొదలుపెట్టింది. చిన్నదే, కానీ విద్యార్థులు దాని బోల్టులు, లీకులతో సహా నేర్చుకున్నారు. తర్వాత అతివాహక అయస్కాంతాలతో తలపెట్టిన ఎస్‌ఎస్‌టీ-1 చాలా ఆలస్యమై 2013లో తొలి ప్లాస్మా చూసింది. ఆదిత్యను 2016లో ఆదిత్య-యూగా ఆధునీకరించారు. ఐటర్‌లో 2005లో చేరిన భారత్ యంత్రాన్ని చుట్టి ఉండే దాని భారీ వాక్యూమ్ పాత్రను, అంటే క్రయోస్టాట్‌ను, తయారుచేసి ఇచ్చింది. అది గొప్ప ఇంజినీరింగ్. ప్లాస్మాను కొలవడం మాత్రం నడిచే యంత్రం దగ్గరే అబ్బుతుంది. ఆదిత్య-యూ లాంటివాటిని చిన్నచూపు చూడకూడదని నేననేది అందుకే.

అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని ఆల్కేటర్ సీ-మాడ్ అనుభవం ఇంకా తీక్ష్ణమైంది. విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేతులారా నడిపిన టోకమాక్ అది. దాన్ని మూసేయాలని 2012లో బడ్జెట్ ప్రతిపాదన వచ్చింది. తర్వాత కాంగ్రెస్ కొంత నిధులు ఇచ్చి ఆయుష్షు పొడిగించినా, 2016 సెప్టెంబరు 30న ఆగిపోయింది. ఆఖరి రోజున ప్లాస్మా పీడనంలో రెండు అట్మాస్ఫియర్లు దాటి రికార్డు సృష్టించి మరీ ఆగింది. థీసిస్ సగంలో ఉన్న విద్యార్థికి అలాంటి కబురు ఎంత కలవరమో ఊహించుకోవచ్చు. అక్కడి బృందంలోంచే 2018లో కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే కంపెనీ పుట్టింది. 2021లో 20 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) అయస్కాంతాన్ని పరీక్షించి చూపింది. చాలామంది యువ ప్రయోగకారులకు ఇప్పుడు ఇలాంటి కంపెనీలే ఉపాధి. చిప్పుల తయారీలో ప్లాస్మాతో సన్నని గీతలు చెక్కే ఎచింగ్ పని, ఉపగ్రహాల అయాన్ థ్రస్టర్లు ఎప్పటినుంచో మరికొందరిని తీసుకుంటున్నాయి. ఇవన్నీ మంచి కొలువులే. అయితే వ్యాపార రహస్యం పేరుతో ఫలితాలు గోడల లోపలే ఉండిపోతే, 1950లలో పడిన ఇబ్బందే మళ్లీ పడతాం.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లార్జ్ ప్లాస్మా డివైస్ అని ఒకటుంది. దాదాపు 20 మీటర్ల పొడవైన గొట్టం. సెకనుకు ఒక షాట్ తీస్తుంది. విద్యార్థి ప్రోబ్‌ను తనే జరుపుతూ, ఒకే చోట మళ్లీ మళ్లీ కొలుస్తూ, రోజంతా నడిపితే వేల కొద్దీ షాట్ల సమాచారం పోగేయొచ్చు. అక్కడ సంలీనం జరగదు. కానీ సందేహం వస్తే అదే మధ్యాహ్నం తేల్చుకోవచ్చు, తప్పు చేస్తే అదే సాయంత్రం దిద్దుకోవచ్చు. సంలీనానికి కేటాయించే నిధుల్లో ఇలాంటి యంత్రాలకు దక్కేది చాలా చిన్న ముక్క. ఐటర్‌లో అమర్చబోయే కొలత వ్యవస్థలు దాదాపు యాభై. 2034లో వాటి ముందు కూర్చుని, వచ్చిన సిగ్నల్ ప్లాస్మాదా, పరికరం లోపమా అని చెప్పాల్సినవారు ఈ సంవత్సరాల్లోనే ఏదో ఒక నడిచే యంత్రం దగ్గర ఆ తేడా నేర్చుకుంటూ ఉండాలి.