కేరవాన్ చక్రాలకి బ్యాలెన్సింగ్ అక్కర్లేదా?

చిరంజీవులు అమ్మడికీ, బాబుకీ తాతయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లు వదిలారు, మన చేలో నాట్లు మొదలయ్యాయి. మొన్న మీరు ఫోన్లో అడిగినదానికి జవాబు చెప్పేలోపే లైను తెగిపోయింది, అందుకే రాస్తున్నాను. మీ కేరవాన్‌కి, అదే, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండికి, కొత్త టైర్లు వేయిస్తుంటే షాపువాళ్లు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం) చేయమంటారా అని అడిగారట. "వెనకాల ఈడ్చుకుపోయే బండికి అదెందుకు" అని నాన్న వద్దన్నాడట. చేయించాలి. ఈ ఉత్తరం నాన్నకి కూడా చదివి వినిపించండి.

వాడు చిన్నప్పటినుంచి చూసింది మన ట్రాక్టరు ట్రక్కుని. ధాన్యం బస్తాలో కొబ్బరికాయలో వేసుకుని కాలవగట్టు మీద గంటకి 20, 25 కిలోమీటర్లతో పోయేది. దానికి ఏనాడూ బ్యాలెన్సింగ్ చేయించలేదు, ఆ లోటూ కనపడలేదు. మెల్లగా పోయే బండి కాబట్టి సరిపోయింది. మీ ఇంగ్లండులో మోటార్‌వే మీద కేరవాన్ లాక్కెళ్లే కారుకి గంటకి 60 మైళ్ల దాకా అనుమతి ఉంది. అంటే దగ్గర దగ్గర 96 కిలోమీటర్లు.

ఆ తేడా ఎంతో చూడండి. టైరు అంచున ఒకచోట 30 గ్రాముల బరువు ఎక్కువుందనుకోండి. 24 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని బయటికి లాగే బలం అర కేజీ కూడా ఉండదు. 96లో దాదాపు 7 కేజీలవుతుంది. వేగం నాలుగింతలైతే లాగుడు పదహారింతలవుతుంది మరి. ఆ 7 కేజీల లాగుడు చక్రంతోపాటు తిరుగుతూ ఒకసారి పైకి, ఒకసారి కిందికి, సెకనుకి పదమూడు సార్లు. మీ వాషింగ్ మెషీన్లో తడి దుప్పటి ఒకపక్కకి చేరితే, నీళ్లు పిండేటప్పుడు మెషీను ఎలా గెంతుతుందో మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే.

కారు ముందు చక్రాలకి ఈ తేడా ఉంటే స్టీరింగ్ వణుకుతుంది, వెంటనే తెలిసిపోతుంది. కేరవాన్‌లో ఎవరూ కూర్చోరు. అది ఎంత అదిరినా ముందున్న నాన్నకి తెలియదు.

ఇది నాకు బాగా అనుభవమైన సంగతి. ఒకప్పుడు జీపుకి రెండు చక్రాల ట్రైలర్ తగిలించి కడియం నర్సరీల నుంచి రావులపాలెం వైపు మొక్కలు తోలేవాణ్ణి. దిగేసరికి కుండీల్లో మట్టి కుదురు వదిలేసి ఉండేది, వేళ్లు బయటపడేవి. వెనక లైటు బల్బు నెలకోసారి పోయేది. నేను రోడ్డుని తిట్టుకునేవాణ్ణి. ఒకరోజు మీ చిన్నతాత మోటారు సైకిలు మీద నా వెనకే వస్తూ జొన్నాడ వంతెన దాటాక నన్ను ఆపించాడు. "అన్నయ్యా, ఎడమ చక్రం నేల మీద నిలవట్లేదు, గెంతుతోంది" అన్నాడు. దిగి టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరాను. ఒకచోట ఎత్తు, ఒకచోట గుంట, చుట్టూరా పలకలు పలకలుగా అరిగిపోయి ఉంది. ఏడాది తిరగని టైరు! సీట్లో కూర్చున్న నాకు ఒక్కరోజు కూడా ఏమీ అనిపించలేదు.

మీ కేరవాన్‌లో మొక్కల బదులు అల్మారాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్ ఉన్నాయి. పైగా చాలా కేరవాన్లకి షాక్ అబ్జార్బర్లు ఉండవు. ఆ అదురంతా స్క్రూల మీదికీ, బేరింగుల మీదికీ పోతుంది.

షాపుకి వెళ్లినప్పుడు నాన్నని ఒక్క మాట అడగమనండి. బ్యాలెన్సింగ్ మెషీను మీద చక్రాన్ని మామూలుగా మధ్య రంధ్రం ఆధారంగా బిగిస్తారు. కొన్ని ట్రైలర్ చక్రాలకి ఆ రంధ్రం అంత కచ్చితంగా ఉండదు, అవి బోల్టుల మీదే కుదురుకుంటాయి. అలాంటివైతే బోల్టు రంధ్రాలు పట్టుకునే అడాప్టర్ వాడాలి. లేకపోతే మెషీను సున్నా చూపించినా బండికి ఎక్కించాక తేడా అలాగే ఉంటుంది. చక్రం బిగించి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచితో, అంటే బిగింపు ఎంతో కొలిచే పానాతో చూడాలి. ఇది మాత్రం మరిచిపోవద్దు, కేరవాన్ చక్రాలు ఊడిపోయిన సందర్భాలున్నాయి.

పాత చక్రాలు షాపుకి పోయేలోపు నాన్నతో కలిసి ఒక పని చేయండి. మీరిద్దరే చేయకండి. చదునైన చోట కేరవాన్‌ని కారుకే తగిలించి ఉంచి, అవతలి చక్రానికి అడ్డు పెట్టి, కేరవాన్ హ్యాండ్ బ్రేకు మాత్రం తీసి, నాన్న జాకీ ఎత్తాలి. చక్రాన్ని ముందుకే తిప్పండి, వెనక్కి తిప్పితే దాని బ్రేకు పట్టేసుకోవచ్చు. దానంతటది ఆగాక, కింద ఉన్న చోట సుద్దముక్కతో గీత పెట్టండి. మూడు నాలుగుసార్లు తిప్పినా ఆ గీతే కిందికొస్తే బరువు అక్కడే ఉన్నట్టు. ఎక్కడ పడితే అక్కడ ఆగితే మాత్రం బాగుందనుకోవద్దు. బేరింగులో గ్రీజు, కాస్త ఆనే బ్రేకు కలిసి చిన్న తేడాని దాచేస్తాయి, అది మెషీనుకే తెలుస్తుంది.

గీత కిందికొస్తే రిమ్ము లోపలివైపు కూడా చూడండి, ఎండిన బురద ముద్ద అతుక్కుని ఉందేమో. మన ఒండ్రుమట్టి అయితే రాయిలా పట్టేసేది, మీ దగ్గర మట్టి ఎలా ఉంటుందో ఫోటో తీసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య