27 గింజల వాచీ

"రాత్రంతా నేను పడుకునే ఉన్నాను కదా బాబాయ్, మరి వాచీ ఏం పని చేసిందని చార్జింగ్ అయిపోయింది?"

మా అన్నయ్య కొడుకు పోయిన వారం అడిగిన ప్రశ్న. వాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పుట్టినరోజుకు స్మార్ట్‌వాచీ కొనిపించుకున్నాడు. రాత్రి 11 గంటలకు 38 శాతం చార్జింగ్‌తో చేతికి పెట్టుకుని పడుకుంటే, తెల్లారేసరికి వాచీ చచ్చిపోయి ఉంది. నిద్ర గ్రాఫు తెల్లవారుజామున నాలుగు గంటల దగ్గర తెగిపోయింది. బ్యాటరీలో లోపం ఉందని మా అన్నయ్య, రాత్రిపూట చేతికి వాచీ ఏమిటని మా వదిన. నాకు మాత్రం ప్రశ్న తెగ నచ్చేసింది. దీనికి జవాబు వెతకబోతే కాస్త తమాషా విషయం బయటపడుతుంది: మన నిద్రను లెక్కపెట్టే వాచీ, మనకన్నా ఎక్కువగా తాను నిద్రపోవాలి. మనం ఏడు గంటలు పడుకుంటే అది ఆ ఏడు గంటల్లో మెలకువగా ఉండాల్సింది కొద్ది నిమిషాలే. వీడి వాచీకి నిద్ర పట్టలేదు. అదీ రోగం.

ముందు ఆ బ్యాటరీలో ఎంత సరుకుందో చూద్దాం. వాచీ పెట్టె మీద 300 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్) అని ఉంది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను కాబట్టి ఒక మాట అనకుండా ఉండలేను: ఎంఏహెచ్ అనేది శక్తి కాదు, విద్యుదావేశం. దాన్ని వోల్టేజీతో హెచ్చించాలి. 300 ఎంఏహెచ్‌ని 3.85 వోల్టులతో హెచ్చిస్తే 1.155 వాట్-అవర్, అంటే సుమారు 4,160 జౌళ్ళు. క్లాసులో ఈ అంకె బోర్డు మీద వేస్తే ఎవరి మొహంలోనూ కదలిక ఉండేది కాదు. జౌల్ అంటే ఏమిటో పిల్లలకు నిర్వచనం వచ్చు, రుచి తెలీదు. ఓ మోస్తరు జామకాయను నేల మీంచి మీటరు ఎత్తుకు లేపితే ఒక జౌల్ ఖర్చవుతుంది అని చెబితే కొంచెం నయం.

4,160 జౌళ్ళంటే దాదాపు సరిగ్గా ఒక కిలో కేలరీ. అన్నం, ఇడ్లీ, పూరీల దగ్గర మనం మామూలుగా కేలరీ అనేది ఇదే. అంటే మీ వాచీ బ్యాటరీ నిండా ఉన్న శక్తి మొత్తం కలిపి ఒక్క కేలరీ. ఒక ఇడ్లీలో యాభై దాకా ఉంటాయి. ఇడ్లీని నేరుగా వాచీకి తినిపించే ఉపాయం ఉంటే రెండు నెలలు చూసుకోనక్కర్లేదు.

ఇడ్లీ మరీ పెద్ద కొలత అనిపించి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా తీశాను. మా ఇంట్లో తినేది బీపీటీ 5204, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, సన్న గింజ. నూకలు ఏరేసి వంద గింజలు లెక్కపెట్టి చిన్న డిజిటల్ తూకంలో వేస్తే గ్రాముకు కాస్త ఎక్కువ వచ్చింది. ఒక్కో గింజ పదిన్నర మిల్లీగ్రాములు. గ్రాము బియ్యంలో మూడున్నర కేలరీలు. కాబట్టి ఒక గింజ అంటే సుమారు 154 జౌళ్ళు. ఫుల్ చార్జ్ చేసిన వాచీ అంటే 27 గింజలు. పెళ్ళిలో వధూవరుల మీద వేయడానికి మనం చిటికెడు అక్షింతలు తీసుకుంటామే, అంతే. (27 అనగానే నక్షత్రాలు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు. గింజ కాస్త లావుదైతే 20 అయ్యేది.)

ఇంకో లెక్క వేసి చూశాక నాకే ఆశ్చర్యం వేసింది. పాత క్వార్ట్జ్ చేతివాచీలో వేసే బొత్తాం సెల్లు ఉంటుంది కదా, అందులో సర్వసాధారణమైన రకం 28 ఎంఏహెచ్, 1.55 వోల్టులు. లెక్క కడితే 156 జౌళ్ళు. అంటే ఒకే ఒక్క బియ్యపు గింజ! ఆ ఒక్క గింజతో వాచీ రెండేళ్ళు నడుస్తుంది. లోపల క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తూనే ఉంటుంది, ముల్లు తిరుగుతూనే ఉంటుంది. మా వాడి వాచీ మాత్రం రోజున్నరలో 27 గింజలూ ఆరగించి ఇంకా ఏముందని అడుగుతోంది.

ఇక రాత్రి ఖర్చు. మణికట్టు వైపు తిప్పి చూస్తే ఆకుపచ్చ దీపాలు మెరుస్తుంటాయి. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడితే నాడి. 1930లలోనే అమెరికాలో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ వేలి మీద కాంతి వేసి ఇలా నాడి గీత గీయించాడు. చర్మం రంగు ఎక్కువైనా, పట్టీ వదులుగా ఉన్నా తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది, అప్పుడు వాచీ దీపాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే ఒక్కోసారి అసలే చేతులెత్తేస్తుంది. 2015లో యాపిల్ వాచీ వచ్చిన కొత్తలో ఈ పచ్చబొట్ల గొడవ పెద్దగానే నడిచింది.

రాత్రంతా దీపం పెట్టుకుంటే బ్యాటరీ అయిపోదా మరి అని మీరు అనుకుంటారు. మా వాడూ అదే అనుకున్నాడు. లెక్క చూద్దాం. దీపం వెలిగినప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుందాం, సుమారు 80 మిల్లీవాట్లు. అలా ఏడు గంటలు వెలుగుతూనే ఉంటే 2,000 జౌళ్ళు పైన, 13 గింజలు, సగం కంచం ఖాళీ. కానీ అది వెలుగుతూ ఉండదు. 100 మైక్రోసెకన్లు వెలిగి ఆరిపోతుంది. సెకనుకు 25 సార్లు అలా మెరిసిందనుకుంటే, మొత్తం వెలిగింది సెకనులో రెండున్నర మిల్లీసెకన్లు, అంటే 400లో ఒక వంతు. ఖర్చు కూడా 400లో ఒక వంతే. రాత్రి మొత్తానికి 5 జౌళ్ళు, గింజలో ముప్పయ్యో వంతు! చీమ కూడా మోయడానికి సిగ్గుపడేంత నూక.

100 మైక్రోసెకన్లంటే ఎంతో ఊహకు అందదు. మనం రోజూ వాడే నిమిషం అనే మాట సంస్కృత నిమేషం నుంచి వచ్చింది, అసలు అర్థం రెప్పపాటు. ఎంత వేగంగా రెప్పకొట్టినా సెకనులో పదో వంతు పడుతుంది. అందులో ఇలాంటి మెరుపులు వెయ్యి పేర్చవచ్చు. దీపం మెరిసే ఆ క్షణంలోనే లోపలి సెన్సర్ కాంతిని కొలిచి, అంకెను ఒక చిన్న గూట్లో పడేసి పడుకుంటుంది. ప్రాసెసర్‌ను లేపదు. అంకెలు ఓ వంద పోగయ్యాక, నాలుగు సెకన్లకోసారి తలుపు తడుతుంది. ప్రాసెసర్ లేచి గబగబా లెక్క చేసేసి మళ్ళీ దుప్పటి కప్పుకుంటుంది. మెల్లగా పనిచేస్తూ మెలకువగా ఉండడం కన్నా, పరుగెత్తి పని ముగించి పడుకోవడమే చవక. వాచీలు చేసే ఇంజినీర్ల బుర్రంతా ఈ ఒక్క సూత్రం మీదే అరుగుతుంది. పిల్లలకు పరీక్షల ముందు మనం చెప్పే దానికి ఇది పూర్తిగా వ్యతిరేకం, వాళ్ళకు మాత్రం చెప్పకండి.

సెకనుకు 25 కొలతలు సరిపోతాయా? నాడి నిమిషానికి 60 అంటే దండిగా సరిపోతాయి. నిద్ర దశలు పసిగట్టాలంటేనే చిక్కు. అక్కడ కావాల్సింది నిమిషానికి ఎన్ని అని కాదు, గుండె ఒక కొట్టుకూ ఇంకో కొట్టుకూ మధ్య ఎడం ఎంత అని. ఒకటి 1,000 మిల్లీసెకన్లు, తర్వాతది 960, ఆ తర్వాతది 1,030. మన కొలతలు చూస్తే 40 మిల్లీసెకన్లకు ఒకటి, అంటే నాడి అల శిఖరం 20 మిల్లీసెకన్ల దాకా అటూ ఇటూ పడవచ్చు. పట్టుకోవాల్సిన తేడా, పొరపాటు ఒకే సైజులో ఉన్నాయన్నమాట. అందుకని శిఖరం దగ్గరి మూడు చుక్కల మీదుగా ఒక పరావలయం గీసి, అసలు శిఖరం ఎక్కడుందో చుక్కల మధ్య కనిపెడతారు. ఇంటర్‌లో "ఇది ఎందుకు సార్" అని పిల్లలు విసుక్కునే పరావలయం, రాత్రికి పాతిక వేల సార్లు వాళ్ళ చేతి మీదే గీసుకుంటోంది. కొలతలు రెట్టింపు చేయడం కన్నా ఈ లెక్కే తక్కువ గింజలు తింటుంది.

గాఢనిద్రలో గుండె నెమ్మదించి, ఊపిరికి తాళం వేస్తున్నట్టు పద్ధతిగా కొట్టుకుంటుంది. కలల నిద్రలో తాళం తప్పుతుంది. కనుగుడ్లు వేగంగా కదిలే ఈ కలల నిద్రను 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ గుర్తించారు. గాఢనిద్ర, కలల నిద్ర కలిసిన ఒక్కో ఆవృత్తికి గంటన్నర, అంటే మన జాముకు రెండు. మొదటి జాములో గాఢనిద్ర ఎక్కువ, చివరి జాములో కలల నిద్ర ఎక్కువ. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు కదా, అది నిజమవుతుందో లేదో గానీ, ఆ వేళ కలలు నిడివిగా వస్తాయి, వాటిలోంచే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తుంటాయి. అర్ధరాత్రి కలలకు ఆ అదృష్టం లేదు.

ఇదంతా వాచీకి మణికట్టు దగ్గర తెలిసే సంగతి. నిద్ర జరిగేది మెదడులో. ఆసుపత్రిలో నిద్ర పరీక్ష చేస్తే తలకు తీగలు అంటించి మెదడు తరంగాలు చూస్తారు. వాచీది పక్కింటి మిక్సీ చప్పుడు విని ఏం పచ్చడో చెప్పడం లాంటిది. నిద్రపోతున్నారని చెప్పడంలో మెరుగే, దశలు చెప్పడంలో అంతంత మాత్రం. కదలకుండా కళ్ళు తెరుచుకుని పడుకుంటే మాత్రం తేలిగ్గా మోసపోతుంది. నిరుడు కరెంటు పోయిన ఓ రాత్రి రెండు గంటలు దూలాలు లెక్కపెడుతూ పడుకున్నాను. పొద్దున నా వాచీ ఆ రెండు గంటలూ తేలిక నిద్ర ఖాతాలో రాసి మెచ్చుకుంది.

దీపం తినేది ముప్పయ్యో వంతు గింజ అయితే, మిగతాది ఎవరు తిన్నారు? నా వాచీ రాత్రి ఏడు గంటల నిద్రకు 12 శాతం తాగుతుంది, మూడు గింజల చిల్లర, సగటున 20 మిల్లీవాట్లు. మా వాడిది ఐదు గంటల్లో 38 శాతం, పది గింజలు, 88 మిల్లీవాట్లు. సెట్టింగులు తెరిచి చూస్తే దొంగలు వరసగా దొరికారు. ఎప్పుడూ వెలిగే తెర ఆన్‌లోనే ఉంది, దుప్పట్లో చీకట్లో ఎవరి కోసమో. చెయ్యి తిప్పితే తెర వెలిగే ఏర్పాటూ ఉంది, వాడేమో నిద్రలో దొర్లే రకం. వాట్సాప్ గ్రూపుల సందేశాలు ఒక్కోటీ వచ్చి ప్రాసెసర్‌ను తట్టి లేపుతున్నాయి. పైగా రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలత. దానికి ఎరుపు, పరారుణ దీపాలు కావాలి. మణికట్టు దగ్గర ఎర్ర కాంతిలో నాడి అల చాలా చిన్నది, అందుకే దీపం పెద్దది చేసి ఎక్కువసేపు వెలిగించాలి. చెయ్యి కదిలిందా, మళ్ళీ మొదటికి.

ఇవన్నీ ఆపేసినా నా 20 మిల్లీవాట్లు ఎక్కడికి పోతున్నాయన్నది ఇంకా తేలలేదు కదా. షావోమీ బ్యాండ్ 7 లాంటి ఫిట్‌నెస్ పట్టీని చూడండి: 180 ఎంఏహెచ్, అంటే 16 గింజలు. 14 రోజులు వస్తుందని కంపెనీ మాట. సగానికి తగ్గించుకున్నా రోజుకు రెండు గింజల చిల్లర. అదీ ఇదే ఆకుపచ్చ దీపం, ఇదే నిద్ర లెక్క! తేడా అంతా లోపలి సంసారంలో ఉంది. పట్టీలో ఉండేది ఒంటరి మనిషి వంట. పెద్ద వాచీలో ఫోను లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ కాపురం పెట్టింది. ఎవరూ తినకపోయినా పొయ్యి ఆరదు, మెమరీలో ఉన్నది చెరిగిపోకుండా కరెంటుతో తడుపుతూనే ఉండాలి. 2024లో వచ్చిన వన్‌ప్లస్ వాచ్ 2లో దీనికి విరుగుడుగా రెండు ప్రాసెసర్లు పెట్టారు, పెద్దది పడుకుంటే చిన్నది చిల్లర పనులు చూస్తుంది. 500 ఎంఏహెచ్‌తో 100 గంటలు అన్నారు. నా ఉద్దేశంలో మిగతావాళ్ళూ మొదటి నుంచీ చేయాల్సిన పని అదే. యాపిల్ 2015లో మొదటి వాచీకి 18 గంటలు చెప్పింది, అప్పట్లో రాత్రి అంటే చార్జింగ్ వేళ. సొంతంగా నిద్ర లెక్క తెచ్చింది 2020లో. ఆ ఐదేళ్ళూ వాచీ బల్ల మీద, మనిషి మంచం మీద.

మా వదిన రేడియేషన్ సంగతి అడిగింది. వాచీ బ్లూటూత్ పంపేది మామూలుగా కొద్ది మిల్లీవాట్లే. దానికి జడుసుకోనక్కర్లేదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఫోనును దిండు కింద పెట్టి చార్జింగ్ చేసేవాళ్ళు, వేడి బయటికి పోయే దారి ఉండదు. వాచీ పట్టీ కింద చెమట ఆరకపోతే దద్దుర్లు వస్తాయి, స్నానం వేళకు తీసి తుడుచుకోవాలి. చార్జింగ్‌కు మంచి వేళ కూడా అదే. లిథియం బ్యాటరీ అడుగున ఉన్నప్పుడు గబగబా తాగుతుంది, 80 శాతం దాటాక చిన్న చిన్న గుక్కలే వేస్తుంది. స్నానం, కాఫీ, పేపరు అయ్యేలోపు రాత్రి ఖర్చు తిరిగి వచ్చేస్తుంది, నిండా 100 పట్టించాల్సిన పని లేదు.

వాడు తెర, ఆక్సిజన్, సందేశాలు అన్నీ రాత్రికి ఆపేశాడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు: "తొమ్మిది శాతమే తగ్గింది బాబాయ్, రెండున్నర గింజలు! పదకొండుంపావుకే పడుకున్నానని కూడా చూపిస్తోంది." వెనక నుంచి వదిన గొంతు వినిపించింది: "పదకొండుంపావా? పన్నెండున్నర దాకా దుప్పట్లో ఫోన్ వెలుగు నాకు కనిపిస్తూనే ఉంది."