చలికి బ్యాటరీ పోలేదండీ, మనమే పోగొట్టాం: వీల్‌చైర్ అపోహలు, వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే పాట, "అన్నా, చలికి బ్యాటరీ పోయింది". బెంగళూరులో పదకొండేళ్ళుగా వీల్‌చైర్లు రిపేర్ చేస్తున్నా, ఈ మాట విని విని విసుగొచ్చి ఇది రాస్తున్నా.

మొన్న రామమూర్తి నగర్‌లో ఒక ఇంటికెళ్ళా. అనంతపురం నుంచి వచ్చి కొడుకు దగ్గరుంటున్న రిటైర్డ్ టీచరు గారు, మంకీ క్యాప్, పైన శాలువా, మంచం మీద కూర్చునున్నారు, బ్యాటరీతో నడిచే వీల్‌చైర్, అదే పవర్ చైర్, మూలన పడుంది. నేను చెప్పులు విప్పేలోపే కోడలు గారు "చలికి పోయిందంట అన్నా, కెనడాలో మావాళ్ళ చైరూ ఇట్లే ఆగిపోయిందంట" అంది. సీటు ఎత్తి వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పెట్టా. ఒక బ్యాటరీ 12.3 వోల్టులు, రెండోది 10.4. "చార్జింగ్ ఎప్పుడు పెడతారు సార్" అనడిగితే ఆయన నాకేదో పాఠం చెప్తున్నట్టు, "పూర్తిగా అయిపోయాకే బాబూ, మధ్యలో పెడితే బ్యాటరీ చెడిపోతుంది కదా" అన్నారు. పద్నాలుగు నెలల్లో అది రెండో బ్యాటరీల జత.

అపోహ: బ్యాటరీ మొత్తం దిగిపోయాకే చార్జ్ చెయ్యాలి.

ఎవరు పుట్టించారో గానీ జనం డబ్బు దీనికి పోయినంతగా ఇంక దేనికీ పోవట్లేదు. పాత కార్డ్‌లెస్ ఫోన్లు, షేవర్లలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట ఇది. మన చైర్లలో ఎక్కువగా ఉండేవి సీల్డ్ లెడ్ యాసిడ్, దానికి ఖాళీగా ఉండటమే విషం. దిగిపోయిన కొద్దీ లోపల ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, వెంటనే చార్జ్ పెడితే కరిగిపోతుంది, రెండు మూడు రోజులు అట్లే వదిలేస్తే గట్టిపడి కూర్చుంటుంది, ఇంక ఎంత చార్జ్ పెట్టినా ఆ భాగం పనిచెయ్యదు. పైగా మనది రెండు 12 వోల్ట్ బ్యాటరీలు వరసగా కలిపిన 24 వోల్ట్ సెట్టు, అడుగంటా వాడితే బలహీనంగా ఉన్న సెల్ ముందు చస్తుంది. ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్స్, ఒక్కోటి 2.1 వోల్ట్. సార్ బ్యాటరీ 10.4 దగ్గర ఆగిందంటే ఆరింట్లో ఒకటి పోయినట్టే, దానికి చలేం చేస్తుంది పాపం!

కాబట్టి చైర్ వాడిన ప్రతి రాత్రీ పెట్టండి. అరకిలోమీటరే తిరిగినా పెట్టండి. గ్రీన్ లైట్ వచ్చేదాకా ఉంచండి, మధ్యలో పీకేయొద్దు. తీసిన నాలుగైదు గంటల తర్వాత ఒక్కో బ్యాటరీ 12.7 వోల్టుల పైన చూపిస్తే బాగున్నట్టు, 12 చూపిస్తే చాలావరకు ఖాళీ అయినట్టు. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చండి, పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. ఆ, మార్చేముందు టెర్మినల్స్ చూడండి. వదులైన బోల్టు, పచ్చగా చిలుం పట్టిన కనెక్టర్ వల్ల కూడా చైర్ ఆగుతుంది, స్పానర్‌తో పోయేదానికి బ్యాటరీ కొన్నవాళ్ళు నాకు తెలుసు.

మరి చలి సంగతి? కెనడా వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ అయిదో వంతు దాకా తక్కువ ఇస్తుంది, మైనస్ 18లో దాదాపు సగమే. కానీ అది అక్కడి చలి. బెంగళూరులో రికార్డయిన అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మన జనవరి తెల్లవారుజామున 15 ఉంటే గొప్ప. ఇక్కడ చలికి కాస్త దూరం తగ్గుతుందేమో గానీ బ్యాటరీ చావదు. ముందే సగం చచ్చినదాన్ని చలి బయటపెడుతుంది, అంతే.

అపోహ: చైర్ కదలకపోతే మోటర్ పట్టేసినట్టే.

పవర్ పోతే మోటర్ బ్రేక్ దానంతటదే పడుతుంది, వాలులో మీరు జారిపోకుండా. మోటర్ దగ్గర ఆ బ్రేక్ వదిలించే ఫ్రీవీల్ లివర్లు ఉంటాయి, తిప్పితే చైర్ తోసుకుపోవచ్చు. ఒకసారి రోడ్డు మధ్యలో ఆగిపోయిందని ఆర్నెల్లు ఇల్లు కదలని అక్క ఉంది, ఆ భయం నాకర్థమవుతుంది, ఆమెకి ఈ లివర్ ఉందని ఎవరూ చెప్పలేదు. మీతో వచ్చేవాళ్ళకి ఈరోజే చూపించండి. వాలులో మాత్రం వెనక గట్టిగా పట్టుకునే మనిషి లేకుండా ఆ లివర్ ముట్టుకోవద్దు. చేత్తో చైర్ నడిపే జాయ్‌స్టిక్ మీద లైట్లు మెరిస్తే ఎన్నిసార్లు మెరిశాయో లెక్కపెట్టి మెకానిక్‌కి చెప్పండి, లోపం ఎక్కడుందో చెప్పే కోడ్ అదే.

ముందు చక్రాలు బిగుసుకుంటే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టడం ఇంకో జబ్బు. అది ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది. మా నాన్నది హిందూపురంలో సైకిల్ షాపు, ఆయన నాకు మొదట నేర్పింది నూనె డబ్బా పట్టుకోవడం కాదు, ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలు బ్లేడుతో కొయ్యడం. ఇప్పటికీ పది చైర్లలో ఆరింటికి అదే వైద్యం. బేరింగ్ నిజంగా పోతే చాలా చైర్లకి 608 నంబర్ బేరింగ్ సరిపోతుంది, స్కేటింగ్ బూట్లలో వాడేదే, మీ పాతదాని మీద నంబర్ చూసి కొనండి.

టైర్ల సంగతికొస్తే, పంక్చర్ సైకిల్ షాపువాడు వేస్తాడు, టైరు మాత్రం పక్కన నంబర్ చూడకుండా కొనొద్దు. 37-540 (టైరు వెడల్పు, రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో) అనుంటే అదే కావాలి, "24 ఇంచులే కదా" అని సైకిల్ టైరు తెస్తే రిమ్ముకి కూర్చోదు.

వర్షంలో జాయ్‌స్టిక్ తడిస్తే బియ్యంలో పెట్టకండి, ఆపేసి, ఆరనిచ్చి, చూపించండి. రబ్బరు తొడుగు చిరిగితే మార్చేదాకా ప్లాస్టిక్ కవర్ కట్టుకోండి, నామోషీ ఏం లేదు.

ఇది చైర్ రిపేర్ కాదుగానీ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నడుము కింద స్పర్శ లేనివాళ్ళు చలికి ఒళ్ళో వేడినీళ్ళ బ్యాగ్ పెట్టుకోవద్దు, హీటర్‌కి కాళ్ళు దగ్గరగా పెట్టొద్దు. కాలింది కూడా తెలీదు.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు చైర్ ఇక్కడే వదిలేస్తే ఫుల్ చార్జ్ చేసి, ఆఫ్ చేసి వెళ్ళండి. సీటు మీద గాలి నింపిన కుషన్ వాడేవాళ్ళు ఊరు చేరాక ఒకసారి కింద చెయ్యి పెట్టి చూసుకోండి, బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ సరిపోయిన గాలి విజయవాడలో దిగేసరికి నొక్కుకుపోయి కుషన్ మెత్తబడుతుంది. పిర్ర ఎముకకీ కుషన్ అడుగుకీ మధ్య వేలు మందం ఖాళీ తగలాలి. తగలకపోతే పంపు కొట్టండి, తిరిగొచ్చాక కాస్త తీసేయండి.