జాకెట్ సరే, లోపలి బనియన్ సంగతేంటి?

మే నెలలో హిమాలయాలకి వెళ్లేవాళ్ల చేత బ్యాగులు సర్దించడం నా పనిలో సగం. మిగతా సగం వాళ్లని కొండ మీద నడిపించడం. ఫోన్ ఎత్తగానే ఏటా ఒకటే మాట: "ఎండాకాలమే కదండీ, కాటన్ బట్టలు సరిపోతాయి కదా?"

అపోహ: ఎండాకాలం ట్రెక్‌కి కాటన్‌ని మించింది లేదు.

మన ఊళ్లో ఇది నిజమే. 42 డిగ్రీల ఎండలో కాటన్ చొక్కా చెమట పీల్చుకుంటుంది, ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి చొక్కా తడిసి ముద్దయినా తిరుమలలో గంటసేపు కూర్చుంటే ఆరిపోతుంది. అదే చల్లబరిచే గుణం హిమాచల్‌లోని సార్ పాస్ అనే ఎత్తైన కనుమ దారిలో ప్రాణం మీదికి తెస్తుంది.

వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. ఆ ట్రెక్ మొదలయ్యే కసోల్ ఊరు సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, సార్ పాస్ 4,200 దగ్గర. కింద మధ్యాహ్నం 28 డిగ్రీలుంటే పైన పదీ పన్నెండు, తెల్లవారుజామున సున్నా కంటే తక్కువ. పైగా గాలి. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, తడి బట్ట వేసుకుని గాలిలో కూర్చున్నారంటే ఒంట్లో వేడి నిలవదు. హైపోథర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, రావాలంటే మంచు కురవాలని చాలామంది అనుకుంటారు. పది డిగ్రీల చలి, తడి బట్ట, గాలి ఉంటే చాలు.

"నేను ఖరీదైన జాకెట్ కొన్నాను సార్, నాకేం టెన్షన్ లేదు" అనేవాళ్లతోనే నాకు ఎక్కువ టెన్షన్. ఒకసారి ఈ దారిలోనే మిన్ థాచ్ క్యాంపు నుంచి నగారు క్యాంపుకి ఎక్కుతున్నాం. నిట్టనిలువు దారి. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన జాకెట్ జిప్పు మెడదాకా లాగి మరీ నడుస్తున్నాడు. తీసేయమంటే "చలి పట్టేస్తుంది" అన్నాడు. నగారులో గాలికి అడ్డం అంటూ ఏదీ లేదు. పైకి చేరి ఒక రాయి మీద కూర్చున్న పావుగంటకి బిస్కెట్ ప్యాకెట్ చింపబోతే వేళ్లు మాట వినలేదు. పేరు అడిగితే నాలుక తడబడింది. టెంట్లోకి తీసుకెళ్లి జాకెట్ విప్పితే కింద కాటన్ చొక్కా, దాని కింద కాటన్ బనియన్. పిండితే నీళ్లు కారాయి. పొడి బట్టలు తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టి, వేడివేడిగా పంచదార నీళ్లు గుక్కగుక్కగా తాగిస్తే గంటకి కోలుకున్నాడు. ఇలాంటప్పుడు కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకండి. వణుకు, తూలడం, మాట ముద్దగా రావడం, వేళ్లు పనిచేయకపోవడం, వీటిలో ఏది కనిపించినా ముందు తడి బట్ట విప్పించండి.

ఒంటికి అంటుకునే బట్ట పాలియెస్టర్‌ది గానీ ఉన్నిది గానీ ఉండాలి. దీనికి వేలు తగలేయక్కర్లేదు, పిల్లలు క్రికెట్ ఆడే జెర్సీ చాలు. దాని మీద ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట), ఆపైన గాలీ వానా ఆపే పల్చటి జాకెట్. ఒక్క లావుపాటి జాకెట్ కంటే ఈ మూడు పొరలే మేలు, ఎందుకంటే ఎక్కేటప్పుడు ఒక్కోటీ తీసేయొచ్చు, ఆగగానే తొడుక్కోవచ్చు. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపిస్తుంటే సరిగ్గా వేసుకున్నట్టే, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. అమ్మాయిలు లెగ్గింగ్స్ లేబుల్ ఒకసారి చూసుకోండి, 95 శాతం కాటన్ అని ఉండే అవకాశమే ఎక్కువ. సాక్సులూ అంతే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

జీన్స్ గట్టిగా ఉంటుంది కాబట్టి కొండకి మంచిదంటారు. అదీ కాటనే. సార్ పాస్ దాటాక బిస్కేరి వైపు మంచు మీద కూర్చుని జారుతూ దిగుతారు, అందరికీ అదే సరదా. జీన్స్ వేసుకున్నవాళ్లకి ఆ సరదా సాయంత్రం దాకా తడిసి బరువెక్కి వేలాడుతూనే ఉంటుంది.

చల్లగా ఉంది కాబట్టి ఎండ తగలదనేది ఇంకో భ్రమ. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పి మన మొహం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు పుటాల లోపల కూడా చర్మం ఊడిన వాళ్లని చూశాను. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, అంచున్న టోపీ, సన్‌స్క్రీన్, ఈ కిరణాల్ని ఆపే కళ్లద్దాలు తప్పనిసరి. మంచు మీద కళ్లద్దాలు లేకుండా నడిస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది.

వర్షాకాలం ఇంకా రాలేదని రెయిన్‌కోట్ ఇంట్లో వదిలేయకండి. మేలో కూడా మధ్యాహ్నాలు వడగళ్లు పడతాయి.

బ్రాందీ వెచ్చదనం ఇస్తుందని వాట్సాప్‌లో తిరిగేది పచ్చి అబద్ధం. చర్మానికి రక్తం ఎక్కువ పారి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది.

బూట్లు రైలెక్కే ముందురోజు కొనేవాళ్లకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. కనీసం మూడు వారాల ముందు కొని, వాటితోనే అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి.

ఇక పిల్లల్ని పంపించి నిద్రపట్టక నాకు ఫోన్ చేసే అమ్మలకి ఒక మాట. మీరు బ్యాగులో కుక్కిన ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాప్ వృథా కావు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఫొటోల్లో బాగుండదని మీవాడు మంకీ క్యాప్ దాచేస్తాడు, నగారు గాలికి వాడే వెతుక్కుని పెట్టుకుంటాడు. రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వేసుకోవడానికి ఒక పొడి జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. అది కాటన్‌దైనా ఫర్వాలేదు, దాంతో అడుగు బయట పెట్టొద్దని చెప్పండి.