తప్పిపోయిన గుర్రాలు

మా మేనల్లుడు ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, వాళ్ల నాన్నకు సగం తెలిసీ సగం తెలియకుండా, 1996 మోడల్ మారుతి 800 కొన్నాడు. నెల తిరక్కుండానే ఫోను.

"మామా, బండి గుంజుతలేదు. అనంతగిరి గుట్ట మీద సెకండ్ గేర్లకు దిగినా ఆయాసపడ్తున్నది. పెద్ద కార్బొరేటర్ ఎక్కిస్తా, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెట్టిస్తా. ఐదు వేలున్నయ్. ఏమంటవ్?"

నేను పాతికేళ్లుగా థర్మోడైనమిక్స్ పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఐదు వేలతో ఇంజన్ బలం పెంచుతానంటే నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. వాడి వయసులో నేనూ మోపెడ్ సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి, చప్పుడు పెరిగింది కదా, వేగం కూడా పెరిగిందని నమ్మినవాణ్ణే.

"డబ్బు జేబులోనే ఉంచు. ఆదివారం బండి తీసుకురా. ముందు ఒక లెక్క చేద్దాం" అన్నాను.

1983 డిసెంబరు 14న మొదటి బండి తాళాలు చేతులు మారినప్పటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా మన రోడ్లను ఏలిన కారు ఇది. గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ ఉన్న రోజుల ఇంజన్‌లో మూడు సిలిండర్లు. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 68.5 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే లోపల పిస్టన్ కదిలే దూరం, 72. లెక్క కడితే మూడింటికీ కలిపి 796 ఘన సెంటీమీటర్లు. కొత్తలో దాని సత్తా 37 హార్స్‌పవర్. ఈ రోజుల్లో కొన్ని మోటార్‌సైకిళ్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మరి అది గుట్ట ఎక్కడానికి చాలదా?

బండి బరువు, ఇద్దరు మనుషులు కలిపి 800 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే టైర్ల రాపిడి సుమారు 100 న్యూటన్లు, ఎదురుగాలి మరో 100. రెండూ కలిపి గెలవడానికి కావలసింది దాదాపు ఐదు గుర్రాలు. ఐదే! వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తు మీద 40 వేగంతో పోవాలన్నా పది చాలు. ముప్ఫై ఏడింటిలో పది కూడా చక్రాలకు అందడం లేదంటే ఆ ఇంజన్ చిన్నదని కాదు. ఉన్న గుర్రాలు దారిలో ఎక్కడో తప్పిపోతున్నాయి. కొత్తవి కొనే ముందు వాటిని వెతకాలి.

అసలు ఇంజన్ అంటే పెట్రోలు తాగే యంత్రం అనుకుంటాం. బరువు చూస్తే అది గాలి తాగే యంత్రం. పెట్రోలు పూర్తిగా కాలాలంటే కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ, కాబట్టి దానికి పదకొండు కిలోల గాలి. ఘనపరిమాణంలో చూస్తే పది వేల లీటర్లు. మన వీధిలోకి వచ్చే జలమండలి ట్యాంకరు 5 వేల లీటర్లది అనుకుంటే, సీసాడు పెట్రోలుకు రెండు ట్యాంకర్ల గాలి! అందుకే పాత ఇంజన్‌తో పడే గొడవల్లో ఎక్కువ భాగం గాలి గొడవలే. సరిపడా లోపలికి రాకపోవడం, వచ్చింది లోపల నిలవకపోవడం.

ఇందులో హైదరాబాద్ వంతూ కొంత ఉంది. మనం సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్నాం. ఇక్కడి గాలి విశాఖ గాలి కన్నా ఐదు శాతం పలచన. ఎండాకాలంలో 40 డిగ్రీలకు చేరితే, డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి కన్నా మరో ఎనిమిది శాతం పలచబడుతుంది. చలికాలం పొద్దున బండి హుషారుగా పరుగెత్తుతుందని డ్రైవర్లు అనేది వట్టి మాట కాదు. మావాడు కొందామనుకున్న కోను ఆకారపు ఎయిర్ ఫిల్టర్‌కు ఇక్కడే దెబ్బ. బానెట్ కింద ఇంజన్ పక్కనే బిగిస్తే అది పీల్చేది 60, 70 డిగ్రీల వేడిగాలి. బయటి గాలితో పోలిస్తే అది ఇంకో ఏడెనిమిది శాతం పలచన. అంటే డబ్బిచ్చి బలం తగ్గించుకున్నట్టు. గాలి పీల్చే చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. పాత డబ్బాలోనే కొత్త పేపర్ ఫిల్టర్ వేయించాం. దాంతో ఆ సంగతి అయిపోయింది.

లోపలికి వచ్చిన గాలి నిలుస్తోందా లేదా అన్నది కంప్రెషన్ గేజ్ చెబుతుంది. పుత్లీబౌలిలో ఒకటి కొనుక్కొచ్చాడు. ఐదు వేలల్లో అన్నిటికన్నా తెలివైన ఖర్చు అదే. ఇంజన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ విప్పాలి. నిప్పురవ్వ పుట్టకుండా కాయిల్ వైరు తీసేయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మొదటిది చదరపు అంగుళానికి 160 పౌండ్లు, మూడోది 155. మధ్యది 105.

దొంగ దొరికాడు. కానీ ఏ సందులోంచి పారిపోతున్నాడు? పిస్టన్ రింగులు అరిగితే గాలి కిందికి కారుతుంది, సిలిండర్ తలుపైన వాల్వు సరిగా మూసుకోకపోతే పైకి. తేల్చడానికి ఒక పాత చిట్కా ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవడం. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది కాబట్టి, అంకె ఎగబాకితే రోగం రింగులది. అంటే ఇంజన్ బోరుకొచ్చినట్టే, సిలిండర్లు మళ్లీ తొలిపించాలి, విద్యార్థి జేబుకు అందని ఖర్చు. మాకు 105 కాస్తా 110 అయింది, అంతే. బతికిపోయాం. రోగం వాల్వులో ఉంది.

కారు చూపించిన మెకానిక్ కొనేటప్పుడు మావాడితో అన్నాడట, "టాపెట్ల చప్పుడే లేదు చూడు తమ్మీ, ఇంజన్ మస్తుంది" అని. ఆ మెచ్చుకోలులోనే ఉంది అసలు కథ.

వాల్వు కాడకూ, దాన్ని నొక్కే రాకర్ చేతికీ మధ్య ఒక సందు వదులుతారు. ఈ ఇంజన్‌లో అది మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ. రైలు పట్టాల మధ్య సందు వదిలినట్టే ఇదీ. వేడికి ఇనుము సాగుతుంది, సాగడానికి చోటు కావాలి. ఆ సందు వల్లే టిక్‌టిక్‌మని చిన్న చప్పుడు. టాపెట్ల చప్పుడనేది దీన్నే. జనానికి చప్పుడంటే జబ్బు. అందుకని అమ్మకానికి పెట్టే ముందు స్క్రూలు బిగించి నోరు మూయిస్తారు. బిగించకపోయినా వయసు మీద పడేకొద్దీ అదే జరుగుతుంది. వాల్వు తన సీటు మీద కొట్టుకుని కొట్టుకుని అందులోకి దిగబడుతుంది, కాడ పైకి జరుగుతుంది, సందు పూడుకుపోతుంది. ఇంజన్ రోజురోజుకూ నిశ్శబ్దమవుతుంది. యజమాని సంతోషిస్తుంటాడు.

సందు పూర్తిగా పోయాక, వేడెక్కిన వాల్వు తలుపు పూర్తిగా మూసుకోదు. రాకర్ చెయ్యి దాన్ని వెంట్రుకవాసి తెరిచే పట్టుకుంటుంది. అప్పుడు రెండు నష్టాలు. ఒకటి, నొక్కుడుపడాల్సిన గాలి కారిపోతుంది. రెండోది ఇంకా చెడ్డది. కాలిన పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలే వస్తువు, తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనుకున్న క్షణాల్లోనే వదిలించుకుంటుంది. ఆనుకునే అవకాశమే లేకపోతే వేడి లోపలే పేరుకుంటుంది. పైగా ఆ సన్నని సందులోంచి మంట గ్యాస్ వెల్డింగ్ నాలుకలా దూసుకుపోతుంది. కొన్నాళ్లకు వాల్వు అంచు తునిగిపోతుంది. దాన్నే షెడ్లలో వాల్వు కాలిందంటారు. చప్పుడు చేసే టాపెట్టు చిరాకు పెడుతుంది గానీ, చప్పుడు చేయనిదే కొంప ముంచుతుంది. ముప్ఫై మంది ఉన్న నా క్లాసులో ఈ ప్రశ్న అడిగితే ప్రతి ఏడాదీ ఇరవై ఐదు మంది తప్పు జవాబే రాస్తారు.

ఇంజన్ రాత్రంతా చల్లారాక తెల్లారి వాల్వుల మీది కవరు విప్పాం. మధ్య సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర సందు కొలిచే రేకుల కట్ట, అదే ఫీలర్ గేజ్‌లో, అన్నిటికన్నా పలచని రేకు కూడా దూరలేదు. మాన్యువల్‌లో ఉన్న అంకెకు ఆరు వాల్వులూ సరిచేయడానికి మావాడికి రెండు గంటలు పట్టింది. అలవాటైన చేతికి అరగంట పని. మళ్లీ కొలిస్తే 105 పోయి 145 వచ్చింది. ఖర్చు కవరు కింది గ్యాస్కెట్టుకు మాత్రమే.

ఇంజన్ పైభాగమైన హెడ్‌ను చెక్కించి కంప్రెషన్ రేషియో, అంటే గాలిని ఎన్ని రెట్లు కుదించి నొక్కుతుందన్నది, పెంచుదామని కూడా ఒక ఆలోచన చేశాడు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను నడిపి చూపించాడు. ఆ ఇంజన్ల సిద్ధాంతం ప్రకారం, ఎంత గట్టిగా నొక్కితే అంత సామర్థ్యం. కానీ లెక్క చూడండి. 8.7 రేషియోకు సిద్ధాంతం ఇచ్చే సామర్థ్యం 58 శాతం, 9.2కు పెంచితే 59. నిజం ఇంజన్‌లో మనకు చివరికి మిగిలేది ఎలాగూ పావు వంతు దరిదాపే. ఆ ఒక్క శాతం కోసం హెడ్ విప్పి, పెట్రోలు వేళ కాని వేళ తనంతట తానే అంటుకునే నాకింగ్ తెచ్చుకోవడం దేనికి?

తర్వాత నిప్పు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌కు ఒక చుట్టు పట్టే కాలం సెకనులో యాభయ్యో వంతు. మంట సిలిండర్ అంతా పాకడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, అంటే ఆ లోపల ఇంజన్ నలభై డిగ్రీలైనా తిరిగిపోతుంది. కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే నిప్పు ముట్టించాలి. ఎంత ముందు అన్నది వేగాన్ని, లోడును బట్టి మారుతుంది. పాత బండిలో కంప్యూటర్ లేదు. ఆ పని ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని రెండు బరువులు, పక్కనే ఒక రబ్బరు పొర చేస్తాయి. ముప్ఫై ఏళ్ల రబ్బరు చిరగక మానదు. ఆ పొరకు వెళ్లే గొట్టం విప్పి నోటితో పీల్చి, నాలుకతో మూసి చూడండి. పొర బాగుంటే నాలుక అతుక్కుపోతుంది. చిరిగితే గాలి వస్తూనే ఉంటుంది. ఇంతకన్నా చవకైన పరికరం నాకు తెలీదు. మావాడి నాలుకకు గాలే తగిలింది. రాణీగంజ్‌లో ఆ భాగం వెతికి వేశాం.

ఇక కార్బొరేటర్. దీనికి మాకు దొరికిన ప్రయోగశాల పెట్రోల్ బంకు పక్కన నిలబడే పొల్యూషన్ వ్యాన్. అందరూ ఆ చీటీని పోలీసులకు చూపించడానికే దాచుకుంటారు గానీ, అది ఇంజన్ రక్తపరీక్ష రిపోర్టు. అందులో రెండు అంకెలు ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ శాతం ఎక్కువుంటే గాలికి మించి పెట్రోలు పోతున్నట్టు. హైడ్రోకార్బన్లు ఎక్కువుంటే నిప్పంటుకోకుండానే పెట్రోలు బయటికి పోతున్నట్టు, అంటే మిస్సింగ్. కార్బన్ పూర్తిగా కాలి డయాక్సైడ్ అయితే మోల్‌కు 393 కిలోజౌళ్ల వేడి వస్తుంది. సగంలో ఆగి మోనాక్సైడ్ అయితే 110 మాత్రమే. సైలెన్సర్‌లోంచి పోయే ప్రతి మోనాక్సైడ్ అణువూ తన కార్బన్ నుంచి మనకు రావాల్సిన వేడిలో దాదాపు నాలుగింట మూడు వంతులు తనతో పట్టుకుపోతోందన్నమాట. మావాడి మొదటి చీటీలో అది 4.6 శాతం. ఈ తరం బండ్లకు పరిమితి 3. కార్బొరేటర్ కడిగి, మిక్స్‌చర్ స్క్రూ పావు చుట్టు చొప్పున సవరిస్తూ వెళ్లి, మళ్లీ పరీక్ష చేయిస్తే 1.4కు దిగింది. వ్యాన్ అబ్బాయి మమ్మల్ని వింతగా చూశాడు. బండి సరిచేసుకుని మళ్లీ వచ్చేవాళ్లు అతనికి కొత్త.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత బండికి ఇంకో చిక్కు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి మిశ్రమంలో ఏడు శాతం దాకా శక్తి తక్కువ. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. దానికి కిలోకు తొమ్మిది కిలోల గాలి చాలు. కొత్త బండ్లలో సెన్సరు చూసుకుని పెట్రోలు పెంచుతుంది. కార్బొరేటర్ జెట్టు ఇత్తడి రంధ్రం, దానికి కళ్లు లేవు. అందుకే మిక్స్‌చర్‌ను మరీ పలచగా సవరించుకోకూడదు, యాక్సిలరేటర్ తొక్కగానే బండి వెక్కిళ్లు పెడుతుంది. పైగా ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి, పగిలేలా చేస్తుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గొట్టాలన్నీ మార్పించాను. ఆ విషయంలో మాత్రం వాణ్ణి ఏమీ అడగలేదు.

సైలెన్సర్ సంగతి మర్చిపోలేదు. ఇంత చిన్న ఇంజన్‌కు అది తెచ్చేది గుర్రం కాదు, సకిలింపు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు.

అప్పటిదాకా ఖర్చు మూడు వేలు దాటలేదు. బండిని జాకీ మీద లేపి చక్రాలు చేత్తో తిప్పితే వెనక ఎడమది రెండు చుట్లకే ఆగిపోయింది. బ్రేకు పట్టేసి ఉంది. ఇంజన్ సంపాదించింది అక్కడ రోజూ వేడిగా మారి పోతోంది. మిగిలిన డబ్బు బ్రేకులకే పెట్టించాను. నిజానికి అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. నేనూ ఇంజన్ మోజులో ఆఖరికి చూశాను.

పోయిన ఆదివారం అనంతగిరి వెళ్లారు, నలుగురు కుర్రాళ్లు ఎక్కి. గుట్ట మీంచే ఫోను చేశాడు. "మామా, థర్డ్ గేర్ల ఎక్కింది! కానీ టాపెట్లు జర సప్పుడు చేస్తున్నయ్."

"చెయ్యనీరా" అన్నాను.

రెండో సిలిండర్ ఇంకా మిగతావాటి కన్నా పది పౌండ్లు తక్కువే చూపిస్తోంది. ఆ వాల్వు అంచు కొంత కాలే ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో హెడ్ విప్పుదామని ఇప్పటి నుంచే ట్యూషన్ పిల్లల్ని పెంచుకుంటున్నాడు.