రబ్బరు ఊరి బ్యాండ్: డీవో వెనక కథ

అమెరికన్ రాక్ బ్యాండ్ డీవో పేరు, సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ నామినేషన్లలోకి మూడుసార్లు వచ్చింది. 2019, 2021, 2022 సంవత్సరాల ఎంపికల్లో మూడుసార్లూ ఓట్లు చాలక బయటే ఉండిపోయింది. ఆ హాల్ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఉంది. డీవో సొంతూరు ఆక్రన్‌కు అక్కడి నుంచి కారులో గంట కూడా పట్టదు. అదే ఆక్రన్‌లో పుట్టిన క్రిస్సీ హైండ్ బ్యాండ్ ప్రిటెండర్స్‌కు 2005లోనే ఆ గౌరవం దక్కింది. డీవో దగ్గరికి వచ్చేసరికి చాలామందికి గుర్తొచ్చేది ఎర్ర టోపీలు, ఒక్క హిట్ పాట, కాస్త కామెడీ. నన్నడిగితే ఇది అన్యాయం. వాళ్ల కామెడీ వెనక నలుగురు విద్యార్థుల చావు ఉంది.

ఆక్రన్‌ను ఒకప్పుడు ప్రపంచ రబ్బరు రాజధాని అనేవాళ్లు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్, అన్నీ అక్కడి కంపెనీలే. ఊరి గాలిలోనే రబ్బరు వాసన. డీవో కుర్రాళ్లు ఎదిగే నాటికి ఆ వైభవం తగ్గుముఖం పట్టింది. 1960లో 2,90,000 ఉన్న జనాభా 2020కి 1,90,000కు పడిపోయింది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడే ఊళ్లో, మనిషి రోజురోజుకీ ముందుకే వెళ్తున్నాడని చెబితే ఎవరు నమ్ముతారు?

ఆక్రన్ పక్కనే కెంట్ స్టేట్ యూనివర్సిటీ. 1970 మే 4న, కంబోడియా మీద అమెరికా దాడిని నిరసిస్తున్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ సైనికులు కాల్పులు జరిపారు. 13 సెకన్లలో 67 తూటాలు. నలుగురు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. తర్వాత డీవోను మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన జెరాల్డ్ కసాలే అప్పుడు అక్కడే చదువుతూ, ఆ సమయంలో క్యాంపస్‌లో ఉన్నాడు. చనిపోయినవాళ్లలో ఆలిసన్ క్రాస్, జెఫ్రీ మిల్లర్ అతనికి తెలిసినవాళ్లు. ఆ రోజు లేకపోతే డీవో ఉండేది కాదని అతను ఆ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

మనిషి పరిణామం చెందడం లేదు, వెనక్కి జారిపోతున్నాడు అన్నది వాళ్ల సిద్ధాంతం. దానికి పెట్టుకున్న పేరు డీ-ఎవల్యూషన్. అందులోంచే బ్యాండ్ పేరు వచ్చింది. మొదట్లో అది స్నేహితుల మధ్య నడిచే వెటకారమే. కసాలేకి తోడైన మార్క్ మదర్స్‌బా, డార్విన్‌ను దుమ్మెత్తిపోస్తూ 1924లో వచ్చిన ఒక మత కరపత్రాన్ని పట్టుకొచ్చాడు. ఆ కరపత్రం పేరులోంచే తమ పాటకు ‘జాకో హోమో’ అన్న పేరు తీసుకున్నారు. 1973లో కెంట్ స్టేట్‌లో జరిగిన కళోత్సవంలో తొలిసారి స్టేజీ ఎక్కారు.

ఊళ్లో వాళ్లను మెచ్చుకున్నవాళ్లు తక్కువ. 1975 అక్టోబర్ 31న క్లీవ్‌లాండ్‌లో ఒక రేడియో స్టేషన్ హాలోవీన్ పార్టీ పెట్టింది. జాజ్ సంగీతకారుడు సన్ రా కచేరీకి ముందు డీవో వాయించాలి. వేషాలు వేసుకుని ఎంజాయ్ చేద్దామని వచ్చిన జనం ముందు ‘జాకో హోమో’ అందుకుని, పాటలోని అదే ప్రశ్న, అదే జవాబు (‘మనం మనుషులం కాదా? మేం డీవో!’) ఆపకుండా సాగదీశారు. జనానికి ఒళ్లు మండింది. ఆ రికార్డింగ్ తర్వాత సీడీగా వచ్చింది, అందులో తిట్లు కూడా వినొచ్చు. అవతలివాళ్లు ఎంత తిడితే వీళ్లు అంత రెచ్చిపోయినట్టు తెలిసిపోతుంది.

స్టేజీ మీద వాళ్లు వేసుకునే పసుపు సూట్లు కూడా ఫ్యాషన్ డిజైనర్ కుట్టినవి కావు. పారిశుధ్య సామగ్రి అమ్మే కంపెనీకి కేటలాగ్ బొమ్మలు వేసే పని చేస్తున్నప్పుడు కసాలే కంట పడినవి. ఫ్యాక్టరీ పనివాళ్లు వేసుకుని పారేసే రకం. ఐదుగురూ అవే తొడుక్కుంటే ఎవరు ఎవరో తెలిసేది కాదు. వాళ్లకు కావలసిందీ అదే.

1976లో మిత్రుడు చక్ స్టాట్లర్ వాళ్ల మీద చిన్న సినిమా తీశాడు. మరుసటి ఏడాది ఆన్ ఆర్బర్ ఫిల్మ్ ఫెస్టివల్లో దానికి బహుమతి వచ్చింది. పాటల వీడియోలు వేసే టీవీ ఛానెల్ ఎంటీవీ మొదలైంది 1981లో. అప్పటికే చేతిలో వీడియోలున్న అతికొద్ది బ్యాండ్లలో డీవో ఒకటి. ఆక్రన్ గ్యారేజీ బ్యాండ్ దేశమంతా తెలియడానికి అదొక కారణం. పేరున్న రాక్ గాయకులు డేవిడ్ బోవీ, ఇగ్గీ పాప్ వాళ్ల గురించి నలుగురికీ చెప్పారు. బ్రయన్ ఈనో నిర్మాతగా జర్మనీలో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 1978లో విడుదలైంది. అదే ఏడాది లండన్‌లోని స్టిఫ్ రికార్డ్స్ ఆక్రన్ బ్యాండ్లతో ఒక సంకలనం వేసింది. దాని అట్ట గీకితే రబ్బరు వాసన వచ్చేది!

1980లో ‘విప్ ఇట్’ అమెరికా చార్టులో 14వ స్థానం దాకా వెళ్లింది. మెట్ల గోపురంలాంటి ఎర్ర టోపీ అప్పటిదే. కష్టపడితే ఎవరైనా పైకొస్తారనే అమెరికన్ ఉపదేశాన్ని వెక్కిరిస్తూ రాసిన పాట అది. జనం దాన్ని బూతు అర్థంలో తీసుకున్నారు. వీడియోలో కొరడా పెట్టి వీళ్లు ఆ అపార్థాన్ని ఇంకాస్త ఎగదోశారు. ఒక్క హిట్ ముద్ర అక్కడే పడింది. రికార్డు కంపెనీ వార్నర్ మరో ‘విప్ ఇట్’ కావాలంది, ఇవ్వలేకపోయారు. 1984 ఆల్బమ్ దెబ్బతినడంతో వార్నర్ వదిలేసింది. 1991కల్లా బ్యాండ్ విడిపోయింది.

1996లో మళ్లీ కలిశారు. డ్రమ్మర్ ఆలన్ మయర్స్ 2013లో, జెరాల్డ్ తమ్ముడు బాబ్ కసాలే 2014లో చనిపోయారు. మదర్స్‌బా సినిమాలకు, పిల్లల కార్టూన్లకు సంగీతం చేస్తూ స్థిరపడ్డాడు. డీవో పేరే వినని పిల్లలు ‘రగ్‌రాట్స్’ ద్వారా అతని ట్యూన్లు వింటూ పెరిగారు. 2025లో మిగిలిన సభ్యులు కొత్తవాళ్లను కలుపుకుని, జార్జియా రాష్ట్రపు న్యూ వేవ్ బ్యాండ్ బీ-52స్‌తో అమెరికాలో టూర్ చేశారు. ఆ టూర్‌కు పెట్టిన పేరు ‘కాస్మిక్ డీ-ఎవల్యూషన్’.